రాత్రి ఎనిమిదికి దీపాలార్పాలి: ఒక దొంగల ఓడ కట్టుబాట్లు

సభకు నమస్కారం.

ఓడ దొంగలు అనగానే ఒక కంటి మీద నల్లగుడ్డ, భుజం మీద చిలక, కొయ్యకాలు, ఇసుకలో పాతిపెట్టిన పెట్టె గుర్తొస్తాయి. ఇవన్నీ చాలావరకు కథలు, సినిమాలు మనకిచ్చినవి. బందీలను చెక్క పలక మీద నడిపించి సముద్రంలోకి దూకించే ఆచారానికి నేను చెప్పబోయే కాలంలో ఆధారం లేదు. నిధి పాతిపెట్టినవాళ్లూ అరుదే. విలియమ్ కిడ్ 1699లో న్యూయార్క్ దగ్గర గార్డినర్స్ దీవిలో కొంత సొమ్ము పాతిపెట్టాడు గానీ, అధికారులు దాన్ని తవ్వుకుపోయారు. మిగతావాళ్లకు పాతిపెట్టేంత ఓపిక లేదు. చేతికొచ్చిన సొమ్ము రేవు దిగిన కొన్నాళ్లకే సారాకీ జూదానికీ ఆవిరైపోయేది.

ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది ఒక కాగితం గురించి. బార్తలోమ్యూ రాబర్ట్స్ అనే దొంగల కెప్టెన్ ఓడ మీద 1720 ప్రాంతంలో రాసుకున్న ఒప్పందం అది. అసలు కాగితం మనకు దొరకలేదు. 1724లో లండన్‌లో అచ్చయిన ఒక పుస్తకం వల్ల దాని సారాంశం మిగిలింది. కత్తి పట్టుకుని బతికేవాళ్లు కాగితం మీద ఎందుకంత శ్రద్ధ పెట్టారన్నదే నా ప్రశ్న.

ముందు ఈ మనుషులెవరో చూద్దాం. ఎక్కువమంది మామూలు నావికులే. 1713లో యూరప్‌లో పెద్ద యుద్ధం ముగిసింది. ఇంగ్లండ్ నౌకాదళం వేలమందిని ఇంటికి పంపేసింది. రేవుల నిండా పనికోసం తిరిగేవాళ్లే కావడంతో వ్యాపార ఓడల యజమానులు జీతాలు తగ్గించారు. ఏడాదంతా చాకిరీ చేస్తే నావికుడికి దక్కేది సుమారు 25 పౌండ్లు. అదీ ప్రయాణం పూర్తయ్యాకే. నడి సముద్రంలో కెప్టెన్ మాటే చట్టం. కొరడా ఆయన చేతిలో, తిండి సామాన్ల తాళం ఆయన చేతిలో, జీతంలో కోతలు ఆయన చేతిలో. ఎవరితో మొరపెట్టుకోవాలి? చుట్టూ నీళ్లు.

రాబర్ట్స్ కూడా అలా వచ్చినవాడే. వేల్స్‌లో 1682లో పుట్టాడు. బానిసలను మోసే ‘ప్రిన్సెస్’ అనే ఓడలో కెప్టెన్ కింద చిన్న అధికారి. 1719లో పశ్చిమాఫ్రికా తీరంలోని అనోమాబు దగ్గర హవెల్ డేవిస్ ముఠా ఆ ఓడను పట్టుకుని, ఇతన్నీ తమతో తీసుకుపోయింది. ఆరు వారాలు గడిచాయో లేదో డేవిస్ చనిపోయాడు. ముఠా ఓట్లు వేసి రాబర్ట్స్‌ను కెప్టెన్‌గా ఎన్నుకుంది. ఎలాగూ బురదలో చెయ్యి పెట్టాను, కూలివాడిగా ఉండేకంటే నాయకుడిగా ఉండటమే నయం అన్నాడట. నిజాయితీ కొలువులో చాలీచాలని తిండి, తక్కువ జీతం, గొడ్డుచాకిరీ. ఇక్కడ కడుపునిండా తిండి, సుఖం, స్వేచ్ఛ అని కూడా అన్నాడంటారు. మూడేళ్లు తిరక్కుండానే నాలుగు వందలకు పైగా ఓడలను పట్టుకున్నాడని లెక్క.

ఇక ఆ కాగితంలో ఏముందో చూద్దాం.

మొదటి నిబంధన ఓటు గురించి. ముఖ్యమైన ప్రతి వ్యవహారంలో ఓడలో ఉన్న ప్రతివాడికీ ఓటు ఉంటుంది. తాజా తిండి మీద, పట్టుకొచ్చిన సారా మీద అందరికీ సమాన హక్కు. సరుకు తక్కువైనప్పుడు మాత్రం అందరూ ఓటు వేసి పొదుపు పెట్టుకోవచ్చు. ఇది చదివి దొంగలు ప్రజాస్వామ్యం కనిపెట్టారని మురిసిపోయేవాళ్లున్నారు. నేను అంత దూరం వెళ్లను. నాకు ఇందులో కనబడేది పాత కెప్టెన్ల మీద కసి. తిండిగది తాళం ఒక్కడి చేతికి పోతే ఏమవుతుందో వీళ్లు కడుపు మాడ్చుకుని నేర్చుకున్నారు.

పంపకాల దగ్గరకొస్తే కెప్టెన్‌కూ, తిండి, సొమ్ము లెక్కలు చూసే క్వార్టర్‌మాస్టర్‌కూ చెరి రెండు వాటాలు. ఓడ నడిపే మాస్టర్‌కు, సరంగుకు, ఫిరంగుల పెద్దకు ఒకటిన్నర. మిగతా అధికారులకు ఒకటింబావు. మామూలు మనిషికి ఒకటి. మన కోస్తా రేవుల్లో వేట పడవల మీద వాటాల లెక్క తెలిసినవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. తేడా ఒక్కటే. పడవ మీద రాబడిలో పెట్టుబడి పెట్టిన యజమాని వాటా ముందు పక్కకు పోతుంది. దొంగల ఓడకు యజమాని లేడు, ఓడే దొంగసొత్తు. అందుకే పై మనిషికీ కింద మనిషికీ మధ్య తేడా రెండింతలు దాటలేదు.

దెబ్బ తగిలినవాళ్ల సంగతి కూడా రాసుకున్నారు. పనిలో కాలో చెయ్యో పోతే ఉమ్మడి సొమ్ములోంచి 800 వెండి డాలర్లు. అప్పటి మారకం ప్రకారం సుమారు 180 పౌండ్లు, అంటే నావికుడి ఏడేళ్ల జీతం. చిన్న గాయాలకు గాయాన్ని బట్టి. మనిషికి వెయ్యి పౌండ్ల వాటా వచ్చేదాకా ముఠాను విడిపోదామనే మాట ఎవరూ ఎత్తకూడదు. వెయ్యి పౌండ్లంటే నలభై ఏళ్ల జీతం! రాబర్ట్స్ మనుషుల్లో ఆ మొత్తం కళ్లజూసినవాళ్లు ఎందరో మీరే ఊహించుకోండి.

నాకు బాగా నచ్చినవి మాత్రం చిన్న నిబంధనలు. రాత్రి ఎనిమిది గంటలకు దీపాలు, కొవ్వొత్తులు ఆర్పెయ్యాలి. ఆ తర్వాత తాగాలనుకున్నవాడు పైకి, డెక్ మీదికి పోయి తాగాలి. చెక్క ఓడ, తారు పూసిన తాళ్లు, కింద తుపాకీమందు పీపాలు. ఒక్క కొవ్వొత్తి పక్కకు ఒరిగితే అందరూ బూడిదే. డబ్బు పెట్టి పేకాట, పాచికలు ఆడకూడదు. తుపాకీ, కత్తి ఎప్పుడూ శుభ్రంగా ఉంచుకోవాలి. ఓడ మీద ఒకరినొకరు కొట్టుకోకూడదు. గొడవ ఉంటే ఒడ్డు చేరాక క్వార్టర్‌మాస్టర్ ఎదుట తుపాకీతోనో కత్తితోనో తేల్చుకోవాలి. చివరి నిబంధన వాయిద్యగాళ్లది. వాళ్లకు ఆదివారం సెలవు. మిగతా ఆరు రోజులూ, ఆరు రాత్రులూ ఎవరడిగినా వాయించాల్సిందే, ప్రత్యేకంగా ఎవరైనా దయ తలిస్తే తప్ప. పాపం, ఆ ఫిడేలు వాయించేవాళ్లలో చాలామంది బలవంతాన పట్టుకొచ్చినవాళ్లు.

ప్రమాణం బైబిల్ మీద చేసేవారు. 1723లో జాన్ ఫిలిప్స్ ముఠా దగ్గర బైబిల్ లేకపోతే గొడ్డలి మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశారు. వాళ్ల నిబంధనల్లో ఒకటి ఏమిటంటే, పారిపోవాలని చూసినా, ముఠా దగ్గర ఏదైనా రహస్యం దాచినా, ఒక సీసా తుపాకీమందు, ఒక సీసా నీళ్లు, ఒక తుపాకీ, గుళ్లు ఇచ్చి ఎవరూ లేని చోట దింపేసి పోతారు. ఒక సీసా నీళ్లు ఎన్నాళ్లొస్తాయి? తుపాకీ ఎందుకిచ్చారో దింపేసినవాడికి రెండో రోజుకే అర్థమవుతుంది.

క్వార్టర్‌మాస్టర్ అనే పదవి గురించి కాస్త చెప్పాలి. తరిమేటప్పుడు, పోరాడేటప్పుడు, పారిపోయేటప్పుడు కెప్టెన్ మాటకు ఎదురు లేదు. మిగతా సమయమంతా పెత్తనం క్వార్టర్‌మాస్టర్‌ది. తిండి పంచేది ఆయనే, దోపిడీ సొమ్ముకు లెక్క చూసేది ఆయనే, తగవులు తీర్చేది ఆయనే. ఆయన్నీ ఓటుతోనే ఎన్నుకుంటారు. కెప్టెన్ గదిలోకి ఎవడైనా దూరి, ఆయన పళ్లెంలో చెయ్యి పెట్టి, ఆయన గ్లాసులోది తాగి పోవచ్చు.

ఇది ఎంతదాకా పోయేదో చూపించే సంఘటన ఒకటుంది. 1719 ఏప్రిల్‌లో సియెర్రా లియోన్ నది దగ్గర విలియమ్ స్నెల్‌గ్రేవ్ అనే బానిస ఓడ కెప్టెన్‌ను దొంగలు పట్టుకున్నారు. ఆయన తర్వాత తన అనుభవాలన్నీ రాసిపెట్టాడు. పట్టుకున్న రాత్రే ఆయన ప్రాణం పోవాల్సింది. ఆయన కింద పనిచేసినవాళ్లు, మా కెప్టెన్‌ను చంపొద్దు, ఇంత మంచివాడి కింద మేమెప్పుడూ పనిచెయ్యలేదు అని అరిచారు. పట్టుబడ్డ ఓడ నావికులను వాళ్ల కెప్టెన్ ఎలాంటివాడని అడగడం దొంగల ఆచారం. కొరడా కెప్టెన్ అని తేలితే వాడికి నరకమే. ఆ అరుపు స్నెల్‌గ్రేవ్‌ను బతికించింది.

ఆయన కళ్లముందే ఓడ సరుకంతా తగలేశారు. సీసాల మూతలు తియ్యడానికి ఓపిక లేక కత్తితో మెడలు నరికారు. వైన్, బ్రాందీలతో డెక్ కడిగారు. ఒకడు బంగారు గడియారాన్ని చూసి బంతాటకు బాగుందని కాలితో తన్నాడు. అప్పుడక్కడ మూడు దొంగల ఓడలున్నాయి. ఆ మూడింటి కెప్టెన్లూ, డేవిస్, కాక్లిన్, లా బూష్, స్నెల్‌గ్రేవ్ పెట్టెలో మూడు జరీ కోట్లు చూసి ముచ్చటపడ్డారు. అవి తొడుక్కుని ఒడ్డుకు, ఆడవాళ్ల దగ్గరకు పోవాలని సరదా. కాక్లిన్ పొట్టివాడు. అతని వంతుకొచ్చిన వెండిజరీ ఎర్రకోటు చీలమండల దాకా వేలాడింది. మార్చమంటే మిగతా ఇద్దరూ ఒప్పుకోలేదు. అక్కడి ఆడవాళ్లకు తెల్లవాళ్ల ఫ్యాషన్లు ఏం తెలుస్తాయి, నీదే మెరుస్తోంది, నిన్నే ముందు చూస్తారు పో అన్నారు. పోయారు. తిరిగొచ్చేసరికి ముఠా మండిపడుతోంది. ఎవర్నడిగి తొడుక్కున్నారు? ఇవాళ కోట్లు ఊరుకుంటే రేపు కంటికి నచ్చిందల్లా తమదే అంటారని గోల. కెప్టెన్లు ముగ్గురూ కోట్లు విప్పి ఇచ్చేశారు. వాటిని ఉమ్మడి సామాన్లలో వేశారు, తెరచాప కొయ్య దగ్గర వేలం పాటలో అమ్మడానికి.

ఈ సమానత్వాన్ని చూసి ఓడ మీద జీవితం హాయిగా ఉండేదనుకోకండి. దోపిడీ రోజులు తక్కువ, ఖాళీ రోజులు ఎక్కువ. ముఠాలో మనుషులు ఎక్కువ, జాగా తక్కువ. చాలామంది డెక్ మీదే, ఎక్కడ చోటుంటే అక్కడ ఒరిగేవాళ్లు. తిండి అయిపోతే పురుగుపట్టిన బిస్కెట్లు, ఉప్పు మాంసం. అదృష్టం బాగుంటే సముద్రపు తాబేళ్లు. కొన్ని నెలలకోసారి ఓడను ఎవరూ రాని చిన్న సముద్రపు పాయలోకి చేర్చి, ఒక పక్కకు ఒరగబెట్టి, అడుగున పట్టిన నాచు, గుల్లలు గీకి, తారు పూసేవాళ్లు. నౌకాదళం ఓడల్లా రేవులో మరమ్మతు చేయించుకునే వీల్లేదు. అది చెయ్యకపోతే ఓడ నెమ్మదిస్తుంది. నెమ్మదించిన దొంగ ఎంతకాలం బతుకుతాడు?

ఆడవాళ్లను మారువేషంలో ఓడెక్కించినవాడికి మరణశిక్ష అని రాబర్ట్స్ కాగితంలో ఉంది. అదే రోజుల్లో కరీబియన్‌లో జాన్ రాకమ్ ఓడ మీద ఆన్ బానీ, మేరీ రీడ్ ప్యాంట్లు తొడిగి, తలకు గుడ్డ కట్టి, కత్తి, తుపాకీ పట్టుకుని తిరిగారు. 1720 నవంబర్‌లో జమైకాలో వాళ్లకు ఉరిశిక్ష పడింది. ఇద్దరూ గర్భంతో ఉన్నామనడంతో శిక్ష ఆపారు. మేరీ రీడ్ జైల్లోనే చనిపోయింది. చైనా దక్షిణ తీరంలో వందేళ్ల తర్వాత లెక్క పూర్తిగా వేరు. అక్కడ దొంగలు పెళ్లాం పిల్లలతో ఓడల మీదే కాపురం చేసేవాళ్లు. 1807లో భర్త చనిపోయాక జెంగ్ యీ సావో అనే ఆవిడ ఆ దళాలన్నిటినీ తన చేతిలోకి తీసుకుంది. 1809లో వాళ్లకు చిక్కిన ఈస్టిండియా కంపెనీ ఓడ ఉద్యోగి రిచర్డ్ గ్లాస్‌పూల్, ఒక్కో కుటుంబానికి నాలుగడుగుల గది ఉండేదని, మూడు వారాలు అన్నంలో ఉడికించిన గొంగళిపురుగులు తిని బతికామని రాశాడు. 1810లో ఆవిడ ప్రభుత్వంతో బేరం కుదుర్చుకుని లొంగిపోయినప్పుడు ఆ దళం 17,318 మంది, 226 ఓడలు. ఆవిడ ముసలితనంలో మంచం మీద చనిపోయింది. ఈ వృత్తిలో అది చాలా అరుదు.

మళ్లీ మన కాగితం దగ్గరికొద్దాం. అది సంతకం పెట్టినవాళ్లకే కాగితం. పెట్టనివాళ్ల గతేమిటి?

మన దేశానికి తగిలిన దెబ్బతో మొదలుపెడతాను. 1695 సెప్టెంబర్‌లో హెన్రీ ఎవరీ అనే ఇంగ్లీషు దొంగ, ఎర్రసముద్రపు రేవు మోఖా నుంచి సూరత్‌కు తిరిగొస్తున్న ‘గంజ్-ఇ-సవాయీ’ని పట్టుకున్నాడు. అది ఔరంగజేబు సొంత ఓడ, హజ్ నుంచి వస్తున్న యాత్రికులున్నారు. పోరులో ఓడ మీది ఫిరంగి ఒకటి పేలిపోయి సొంతవాళ్లనే చంపింది. ఆ తర్వాత రోజుల తరబడి చిత్రహింసలు, ఆడవాళ్ల మీద అత్యాచారాలు. కొందరు ఆడవాళ్లు మానం కాపాడుకోవడానికి సముద్రంలో దూకారని ఆనాటి మొగల్ చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాశాడు. పోయిన సొమ్ము 52 లక్షల రూపాయలని ఆయన లెక్క. సూరత్‌లో జనం భగ్గుమన్నారు. అక్కడి ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులను నెలల తరబడి నిర్బంధంలో పెట్టారు. ఎవరీ మాత్రం దొరకలేదు. అతని మనుషుల్లో ఆరుగురిని 1696లో లండన్‌లో విచారిస్తే, ఈ ఓడ దోపిడీ కేసులో జ్యూరీ నిర్దోషులని తేల్చింది! తలపట్టుకున్న ప్రభుత్వం ఓడలో తిరుగుబాటు చేశారని ఇంకో కేసు పెట్టి ఐదుగురిని ఉరితీసింది. ఆ ముఠాలోనూ పంపకాలు పద్ధతిగానే జరిగాయి. మనిషికి వెయ్యి పౌండ్ల దాకా వచ్చిందంటారు.

రాబర్ట్స్ సంగతీ అంతే. 1722 జనవరిలో పశ్చిమాఫ్రికాలో వీదా రేవులోకి వచ్చాడు. అక్కడ పదకొండు బానిస ఓడలు లంగరేసి ఉన్నాయి. ఒక్కో ఓడను వదలడానికి ఎనిమిది పౌండ్ల బరువు బంగారుపొడి అడిగాడు. ఇచ్చినవాళ్లకు రసీదు కూడా రాసిచ్చారు! ‘అదృష్టాన్ని నమ్ముకున్న పెద్దమనుషులమైన మేము’ ఫలానా ఓడకు విడుదల సొమ్ము తీసుకున్నామని, తేదీతో, సంతకాలతో. ఒక రసీదులో పెట్టినవి వెటకారపు దొంగ పేర్లు. ‘పోర్క్యుపైన్’ అనే ఓడ కెప్టెన్ ఫ్లెచర్ మాత్రం బంగారం ఇవ్వనన్నాడు. రాబర్ట్స్ మనుషులు ఆ ఓడకు నిప్పుపెట్టారు. లోపల సుమారు 80 మంది బానిసలు ఇద్దరిద్దరిగా గొలుసులతో కట్టేసి ఉన్నారు. గొలుసులు విప్పడానికి టైమ్ పడుతుందని విప్పలేదు. కొందరు మంటల్లో పోయారు, నీళ్లలో దూకినవాళ్లను సొరచేపలు చీల్చాయి. ప్రతి మనిషికీ ఓటుందని రాసుకున్న ముఠా ఇదే.

నెల తిరక్కుండానే వాళ్ల కథ ముగిసింది. 1722 ఫిబ్రవరి 10న ఆఫ్రికా తీరంలోని కేప్ లోపెజ్ దగ్గర చాలోనర్ ఓగిల్ నడుపుతున్న నౌకాదళం ఓడ ‘స్వాలో’ వచ్చిపడింది. రాబర్ట్స్ టిఫిన్ చేస్తున్నాడు. ముందురోజు దోచిన సారాతో మనుషుల్లో చాలామంది మత్తులో ఉన్నారు. ఆయన ఎర్ర పట్టుకోటు తొడిగి, టోపీకి ఎర్ర ఈక పెట్టి, మెడలో వజ్రాల శిలువ వేసుకుని డెక్ మీదికొచ్చాడు. ఫిరంగి గుండు ముక్కలు గొంతుకు తగిలి కుప్పకూలాడు. తన శవం శత్రువుల చేతికి చిక్కకూడదని ముందే చెప్పిపెట్టాడు. మనుషులు నగలతో, ఆయుధాలతో సహా సముద్రంలోకి వదిలారు. ఒప్పంద కాగితాన్ని కూడా సముద్రంలో పారేశారు. దానిమీద సంతకాలున్నాయి మరి! పట్టుబడితే ఆ సంతకమే ఉరితాడు.

నిజంగానే పశ్చిమాఫ్రికాలో ఇంగ్లీషువాళ్ల కేప్ కోస్ట్ కోటలో, పట్టుబడ్డవాళ్ల విచారణంతా దాని చుట్టూనే తిరిగింది. ఇష్టపడి చేరావా, బలవంతాన తెచ్చారా? సంతకం పెట్టావా? వాటా తీసుకున్నావా? పీటర్ స్కడమోర్ అనే డాక్టరుంటాడు. పట్టుకొచ్చిన డాక్టర్ల చేత సంతకం పెట్టించకుండా వదిలెయ్యడం ముఠా పద్ధతి. సంతకం పెట్టిన మొదటి డాక్టర్‌ను నేనేనని ఈయన గొప్పలు పోయాడు. కోర్టులో సాక్షులు అదే చెప్పారు, ఉరితీశారు.

హ్యారీ గ్లాస్బీ కథ ఇంకోలా నడిచింది. ఓడ నడిపే మాస్టర్ అతను, బలవంతాన తెచ్చినవాడు. అంతకుముందోసారి ఇద్దరితో కలిసి పారిపోబోయి దొరికిపోయాడు. ముఠా ఓడ లోపలే కోర్టు పెట్టింది. బల్ల మీద రమ్ పంచ్ నింపిన పెద్ద గిన్నె, పక్కన పొగాకు, పైపులు. ఆరోపణలు చదివారు, వాదనలు విన్నారు, మరణశిక్ష ఖాయమైంది. తీర్పు చెప్పేముందు ఇంకో పైపు కాలుద్దామని ఒక జడ్జి అన్నాడు. అప్పుడు వాలెంటైన్ యాష్‌ప్లాంట్ అనే జడ్జి నోట్లోంచి పైపు తీసి లేచాడు. గ్లాస్బీ మంచివాడు, నాకిష్టమైనవాడు, వాడు చావాల్సిందే అంటే నేనూ వాడితోనే చస్తానని బూతులు కలిపి చెప్పి, పిస్తోళ్లు బయటికి లాగాడు. మిగతా జడ్జీలు మనసు మార్చుకున్నారు. మిగిలిన ఇద్దరికీ అలాంటి స్నేహితుడు లేడు. ఎవరి చేత చావాలో ఎంచుకొమ్మని నలుగురిని ఎంచుకోనిచ్చి, కొయ్యకు కట్టి కాల్చేశారు.

కేప్ కోస్ట్ కోటలో అసలు జడ్జీలు గ్లాస్బీని వదిలేశారు. బందీలతో బాగా ఉండేవాడని, పారిపోవాలని చూశాడని సాక్ష్యం వచ్చింది. యాష్‌ప్లాంట్‌ను మొదటి జట్టులోనే ఉరితీశారు. మొత్తం 52 మందికి ఉరి, 74 మంది విడుదల. రాబర్ట్స్ ఓడల మీద దొరికిన నల్లజాతి మనుషులు అరవై మందికి పైగా ఉన్నారు. వాళ్లను కోర్టు ముందుకు తేలేదు. నువ్వు సంతకం పెట్టావా, బలవంతాన తెచ్చారా అని అడగలేదు. బానిసలుగా అమ్మేశారు.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.